పింకీకి బీపీ వినిపించిన ఎస్తేరు

పింకీ చెవికి బీపీ చప్పుడు వినిపించేలా చేయడమే మా ఎస్తేరు మొదటి గెలుపు. చిన్న సంగతి అనుకోకండి. ఒక పిల్ల చదువంతా దానిమీదే ఆగి ఉంది.

ఎస్తేరు మా తమ్ముడు బర్నబాస్ కూతురు. చెరుకుపల్లిలో మా కుటుంబం నుంచి తొలి నర్సు. తెనాలిలో ఒక ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. పని నేర్చుకోవడానికి వచ్చే నర్సింగు పిల్లల చేత అక్కడ దుప్పట్లు మార్పించేవారు, చీటీలు మోయించేవారు. పని వచ్చిందని శనివారం వాళ్ల పుస్తకాల్లో సంతకాలన్నీ ఒక్కసారే పెట్టేసేవారు. ఎస్తేరు మాత్రం పిల్ల ఆ పని చేయడం కళ్లారా చూడనిదే పెట్టదు.

నాలుగేళ్ల కిందట రేపల్లె నుంచి వచ్చిన పింకీ మూడు వారాలపాటు ప్రతి రోగికీ బీపీ నూట ఇరవై, ఎనభై అనే రాసింది. ఎస్తేరే పట్టుకుంది. కాలేజీ టీచరు కనకలక్ష్మి మండిపడింది.

"ఈ పిల్లని ఇంటికి పంపించేద్దాం సిస్టర్. రోగులతో ఆటలా?"

"వారం రోజులివ్వండి మేడమ్. అప్పుడూ తప్పు రాస్తే నేనే రేపల్లె బస్సెక్కిస్తా."

పింకీని పక్కకు పిలిచింది. "ఇన్నాళ్లూ ఏం విన్నావే?"

"ఏం వినపడలేదక్కా. అందరికీ వినపడతంటే నా చెవులే చెడ్డాయనుకున్నా."

చూస్తే, స్టెతస్కోపు చెవి కొనలు వెనక్కి తిప్పి పెట్టుకుంటోంది! ఎస్తేరు కోప్పడలేదు. సరిగ్గా పెట్టించి, ముందు వేళ్లతో నాడి పట్టించి, ఆ తర్వాత వినిపించింది. రోజుకు ఇరవై మందికి చూడమంది.

"ఏమ్మా, పూటకో పిల్లొచ్చి గాలి కొడుతోంది, నా చెయ్యేమన్నా సైకిలు టైరా?" అన్నాడు శివరామయ్య అనే రోగి ఆరో రోజున.

అతనికి పొద్దున రాసింది నూట ముప్పై. పింకీకి నూట తొంభై వినిపించింది.

"పొద్దుటిదే రాసెయ్యవే, గొడవుండదు," అంది తోటి పిల్ల హరిత.

"నాకు వినపడిందే రాస్తా."

డాక్టరు వచ్చి రెండుసార్లు చూశాడు. నూట తొంభయ్యే! వెంటనే మందు మార్చాడు. కనకలక్ష్మి ఎదుటే ఎస్తేరు పింకీ పుస్తకంలో సంతకం పెట్టింది.

ఇప్పుడు పింకీ బాపట్లలో నర్సు. ఎస్తేరు చేతికింద అరవై నలుగురు నేర్చుకున్నారు, పరీక్షలో ఒక్కరూ తప్పలేదు. వార్డులో నర్సింగు పిల్లలకు నేర్పే పద్ధతిపై మూడు నెలల శిక్షణకు తొమ్మిది మంది పోటీపడితే మా అమ్మాయినే ఎంచి వేలూరు పంపారు. ఆమె వచ్చేదాకా కొత్త పిల్లల్ని వార్డుకు పంపనని కనకలక్ష్మి మేడమే పట్టుబట్టింది. ఎస్తేరు తెనాలిలో దిగేది 2026 మార్చి రెండు, సోమవారం.