వెనక వసారాలో మా చిన్నమ్మ పురుడు

నా చిన్నప్పుడు, యుద్ధం వల్ల కిరసనాయిలు కరువైన రోజుల్లో, పలమనేరులో మా ఇంటి వెనక గోడకు ఆనించి గడ్డి కప్పిన వసారా ఒకటి ఉండేది. ఒకవైపు గోడ, మూడువైపులా గాలి. కట్టెలకూ పిడకలకూ వేసింది. ఇంట్లో ఎవరు ప్రసవించినా పదకొండు రోజులూ అందులోనే ఉండాలని మా తాతయ్య కట్టడి.

మా చిన్నమ్మకు, అంటే మా చిన్నాయన భార్యకు, అమ్మానాన్నలు లేరు. అందుకని తొలికాన్పు మా ఇంట్లోనే జరిగింది. ఆడపిల్ల. మూడోనాటికి ముసురు పట్టింది. కప్పు నడుమ నుంచే నీళ్లు కారుతున్నాయి. బిడ్డను ఒళ్లో దాచుకుని, వానకు తన వీపు అడ్డం పెట్టి కూర్చుంది చిన్నమ్మ. గంజి తీసుకెళ్లే పని నాది. తాకకూడదన్నారు గనుక దూరంగా పెట్టాను. ఆమె అందుకునేలోగా ముంతలో వాన పడింది. ఆ నీళ్ల గంజే తాగింది.

నేను లోపలికి వచ్చేసరికి, ఆ పొద్దున్నే పుట్టిన దూడను తాతయ్య కొట్టంలోంచి ఎత్తుకొచ్చి నట్టింట్లో పడుకోబెడుతున్నాడు. వణుకుతోందని తన పైపంచె తీసి కప్పాడు.

వంటింటి గడపలో నిలబడి మా మేనత్త అది చూసింది. భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. తండ్రి ఎదుట ఏనాడూ నోరెత్తలేదు. నేరుగా వానలోకి నడిచి, ఒక చేత్తో బిడ్డను ఎత్తుకుని, మరో చేత్తో చిన్నమ్మను పట్టుకుని, వంటింటి గుండానే తీసుకొచ్చింది. బిడ్డను దూడ పక్కనే పడుకోబెట్టింది.

“ఇల్లంతా మైల చేసినావు గదే,” అన్నాడు తాతయ్య.

“దూడదీ పురిటి మైలే గదా నాయనా. దానికి నట్టిల్లు ఇచ్చినావు. నీ మనవరాలు యాడ పడుకోవల్ల?”

“మన పెద్దోళ్ల కాడినించి వచ్చే ఆచారం అది.”

“అయితే నాకూ అంటింది. నన్నూ ఆడికే పంపు. రేపటి నుంచి సంగటి ఎవురు కెలుకుతారో సూస్తాం.”

తాతయ్య మంచం ఎత్తుకుని కొట్టంలోకి పోయాడు. మిగిలిన ఎనిమిది రోజులూ అక్కడే పడుకున్నాడు గానీ తప్పు ఒప్పుకోలేదు. ఆ ఏడంతా కూతురితో మాట్లాడలేదు. మంచిపని చేశావని ఇంట్లో ఒక్కరూ అత్తతో అనలేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

చాలా ఏళ్లకు నా కోడలు ప్రసవించినప్పుడు, వెనక గదిలో ఉంచాలని మావాళ్లు ఏదో చెప్పబోయారు. నేను నట్టింట్లో మంచం వేయించాను. మా అత్త ఆనాడు ఎవరినీ అనుమతి అడగలేదు. నేనూ అడగలేదు.