దగ్గరివాళ్ల నంబరు

మూడు నెలలకోసారి, నరసరావుపేటలోని ఆ రక్తపరీక్షల ల్యాబు షట్టరు సగం లేచీ లేవకముందే పేరయ్యగారు వంగి లోపలికి ప్రవేశిస్తారు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు లారీలు తూచి రిటైరైన మనిషి. లావెక్కిన నడుము, బీపీ, షుగరు, కొవ్వు కలిసి ఆయన ఒంట్లో కూటమి ప్రభుత్వం నడుపుతున్నాయి. డాక్టరుగారు దానికి మెటబాలిక్ సిండ్రోమ్ అని నామకరణం చేశారు. పన్నెండు గంటలు పస్తుండమంటే ఈయన పద్నాలుగు గంటలు ఉంటారు. చొక్కా చెయ్యి మూడు మడతలు పెట్టి, పిడికిలి బిగించి, సూది వంక కాక రక్తం తీసే ఇంద్రజ వంక చూస్తారు.

"రాత్రి ఏం తిన్నారు బాబాయ్?"

"రెండు పుల్కాలమ్మా, బీరకాయ కూర. ఉప్పు నేనే ఎక్కువేసుకున్నా." ప్రతిసారీ అడిగినదానికన్నా నాలుగు మాటలు ఎక్కువే చెబుతారు.

మొన్న డాక్టరుగారు కొత్త పరీక్ష రాశారు. గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నాయేమో రక్తంలోనే పసిగట్టేది. ఈసారి ఇంద్రజ సూదికన్నా ముందు ఫారం తీసింది.

"తేడా వస్తే వెంటనే ఫోన్ చెయ్యాలంట. దగ్గరివాళ్ల నంబరు చెప్పండి."

పేరయ్యగారు ఫోనులో పేర్లన్నీ కిందికీ పైకీ జరిపి, జేబులో పెట్టేసుకున్నారు. తర్వాత ఒక్కో అంకే నిదానంగా చెప్పారు. పదో అంకె రాశాక ఇంద్రజ తలెత్తింది.

"ఏంది బాబాయ్, ఇది మన ల్యాబు నంబరు గదా!"

"అవునమ్మా. రాత్రి ఏం తిన్నావని అడిగేది మీరే గదా."

పక్కన చుట్టరికం రాయాల్సిన గడి ఉంది. ఇంద్రజ దాన్ని ఖాళీగా వదిలి సూది విప్పింది. పేరయ్యగారు పిడికిలి బిగించి, ఆమె అడగబోయే ప్రశ్న కోసం ఎదురుచూశారు.