కోలారు దాకా మల్చింగ్ మూట

కురుడుమలె దగ్గర మా అక్కవాళ్ల టమాటా తోటలో పంట అయిపోయింది. కలుపు రాకుండా సాళ్లలో పరిచిన నల్ల ప్లాస్టిక్ మల్చింగ్ షీటును పీకి మా బావ గట్టున కుప్ప వేశాడు. పోయిన పంటప్పుడు అలాగే తగలబెడితే ఆ పొగకు అక్క ఉబ్బసం ముదిరి ఆస్పత్రి పాలైంది. ఈసారీ అంటిస్తానంటున్నాడని తెలిసి, కేజీఎఫ్‌లో మా ఆండర్సన్‌పేట నుంచి ముందురోజే వచ్చి గొడవేసుకున్నాను.

“సాయంత్రం దాకా చూస్తా సరోజా. కొనేవాడు దొరక్కపోతే అంటించేస్తా. ఇంగ నారు నాటాల,” అన్నాడు బావ.

మచ్చుకు ఒక గోనెసంచి నింపుకుని కోలారు పోదామని పొద్దున ఏడున్నర బస్సెక్కాను.

“బస్సంతా మట్టి పోస్తా ఉండావు, ఏందమ్మా ఆ మూట?” అన్నాడు కండక్టరు.

“మా బావ తెలివితేటలప్పా!”

నవ్వాడు గానీ లగేజీ టికెట్టు మాత్రం కొట్టాడు. ముళబాగిల్లో బస్సు మారేటప్పుడు ఇడ్లీ తిన్నాను, రుచి తెలియలేదు. పదింటికి కోలారులో దిగాను. పాత సామాన్లు కొనే మొదటి గుజరీ అంగడివాడు మట్టే ఎక్కువుందని పొమ్మన్నాడు. రెండోవాడు సంచి విప్పనే లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎండలో ఇంకో గంట తిరిగాక, టమాటా మార్కెట్టు వెనక అంగడి నడిపే ఒకామె షీటును చేతిలోకి తీసుకుని చూసింది.

“తడిమీద పీకినారా? ఎండబెట్టి, మట్టి దులిపి, చుట్టలు కట్టి పంపించమ్మా. తీసుకుంటా. కరిగించి పైపులు చేసేవాళ్లుండారు.”

“బండి బాడుగ యాడ తెచ్చేదక్కా?”

“మీ ఊరి టమాటా బండి దినమూ ఈడికే వస్తాది కదా! దాంట్లో వేసెయ్యి.”

ఇంత చిన్న సంగతి మాకెవరికీ తట్టలేదే అని ఒళ్లు మండింది. వెంటనే బావకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. అక్క ఎత్తలేదు. తిరుగు బస్సులో లేస్తూ కూర్చుంటూ ఉంటే పక్కనున్న అవ్వ, “సీట్లో ముండ్లుండాయా తల్లీ?” అంది.

నాలుగింటికి ఊరి మలుపులో పొగ కనిపించింది. బస్సు ఆగగానే పరుగెత్తాను.

పొగ పక్క తోటలోది. మా కుప్ప అలాగే ఉంది. దానిమీద అక్క కూర్చుని ఉంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పిడికిట్లో పీల్చే మందుతో. ఎదురుగా బావ తల పట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వు పొయినప్పటినుంచి దిగలే. అన్నం గూడా ఈడికే తెప్పించుకునింది!”

“నేను లేస్తే అంటిస్తాడు,” అంది అక్క దగ్గుతూ.

కోలారు సంగతంతా చెప్పాను. టమాటా బండి మాట వినగానే బావ, “సరే, లే. దులిపేస్తాం,” అన్నాడు.

“ముందు అగ్గిపెట్టె ఇటియ్యి,” అంది అక్క. తీసుకుని నా చేతిసంచిలో పడేశాకే కిందికి దిగింది.

చీకటి పడే వేళకు కేజీఎఫ్ బస్సెక్కాను. దారి పొడవునా తోటల్లో ఇక్కడొకటి, అక్కడొకటి పొగలు లేస్తూనే ఉన్నాయి. సంచిలో అగ్గిపెట్టె ఉంది. కానీ మా అక్క ఎన్ని కుప్పలమీదని కూర్చుంటుంది?