యోస్ట్‌ను ఇంటికి చేర్చు

2023 అక్టోబరు. ఐర్లండు పశ్చిమాన, క్లేర్ కౌంటీలోని ఎన్నిస్ పట్టణం. హైదరాబాదులో పాతపత్రాలను భద్రపరిచే కార్యాలయంలో పదవీ విరమణ చేసి, కుమార్తె వద్దకు వచ్చిన తరువాత నేను వంశవృక్షాలను పరిశోధించే పని చేపట్టాను. ఎక్కడ వెతికాను, ఏమి దొరికింది, ఏమి దొరకలేదు అన్నది ఆ రోజే రాసిపెడతాను. దీనిని రీసెర్చ్ లాగ్ అంటారు. ఈ కేసు లాగ్‌ను తిరిగి తెరవడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

కేసును తెచ్చినది రూతు. మహబూబ్‌నగర్ అమ్మాయి, ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే కేరర్.

"అంకుల్, నేను చూసుకునే ఆనా అని ఒకామె ఉంది. ఎనభై దాటినయ్. బాడీ వీక్ గానీ, నోరు మాత్రం గ్రాండ్! తన ఫ్యామిలీది ఏదో తెలుసుకోవాల్నంట. జల్ది రండి, ఆమెకు ఎక్కువ టైమ్ లేదు."

ఆనా కెనడాలో పుట్టి, క్లేర్ రైతును పెళ్లాడి ఇక్కడికి వచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆమె పూర్వికులు స్విట్జర్లాండుకు చెందిన అనాబాప్టిస్టులు. బాప్తిస్మం చంటిబిడ్డలకు ఇవ్వరాదనీ, ఎదిగిన మనిషి తానుగా కోరి తీసుకోవాలనీ నమ్మినందుకు అక్కడి ప్రభుత్వమూ, ప్రభుత్వ చర్చీ కలిసి వారిని తరిమివేశాయి.

రూతు టీ తెచ్చిపెట్టింది. ఆనా కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ ఆహారానికి స్తోత్రం. యోస్ట్‌ను ఇంటికి చేర్చు."

"యోస్ట్ ఎవరు?" అని అడిగాను.

"అది మీరు కనిపెట్టి చెప్తారనే కదా మిమ్మల్ని పిలిపించింది!" అని నవ్వింది. "మా నాన్న ప్రతి భోజనానికీ ఈ మాట అనేవాడు. ఆయన నానమ్మ కూడా అనేదట. నేనైతే చిన్నప్పుడు తప్పిపోయిన గుర్రమనుకున్నాను." తరువాత నవ్వు ఆగింది. "నా తరువాత ఈ మాట అనేవాళ్లు లేరు. అతడు ఇల్లు చేరాడని తెలిస్తే, నిశ్చింతగా ఆపేస్తాను."

ఆ చలికాలమంతా వెనక్కి నడిచాను. కెనడా నుంచి పెన్సిల్వేనియాకు, అక్కడి నుంచి రైను నది ఒడ్డుకు, చివరకు స్విట్జర్లాండులోని ఒక లోయకు. అక్కడి మూడు వందల ఏళ్ల నాటి పారిష్ రిజిస్టరులో, అంటే చర్చి రాసుకునే బాప్తిస్మాల, పెళ్లిళ్ల, మరణాల పుస్తకంలో, ఆనా పూర్విక దంపతుల పేర్లు, వారి కింద యోహాన్నెస్ అనే పసివాడి బాప్తిస్మమూ కనిపించాయి. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. మా ఇళ్లలో చంటిబిడ్డ బాప్తిస్మమంటే కొత్తబట్టలు, బంధువులు, విందు. అందువల్ల నాకు ఆ నమోదు శుభవార్తగానే తోచింది. తోబుట్టువుల వైపు శాఖను మేము కొలాటరల్ లైన్ అంటాము; అది దొరికిందని సంబరపడుతూ ఆనా ఇంటికి వెళ్లాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మావాళ్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించరు. దానికంటే చావే నయమనుకున్నారు. ఆ రోజు వాణ్ణి ఎత్తుకుని నిలబడింది ఎవరు?"

సాక్షులలో తల్లిదండ్రులు లేరని అప్పుడే చూశాను. ఆ గ్రామసభ తీర్మానాలను తెప్పించి చదివాను. తల్లిదండ్రులను దేశం దాటించారు. పాలు మరవని బిడ్డను లాక్కుని, ఒక రైతుకు అప్పగించి, కొత్త పేరుతో బాప్తిస్మమిచ్చారు. "ఇంట్లో యోస్ట్ అని పిలిచేవారు" అని కూడా రాశారు.

ఆ తీర్మానాలు రాసిన గుమాస్తా దస్తూరి ముత్యాల్లా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. తల్లి ఒడిలోంచి బిడ్డను గుంజుకున్న సంగతిని పొలం గట్టు తగాదాను రాసినట్టే రాశాడు. చేసినదంతా దేవుడి పేరు మీదనే. ఇటువంటి కాగితాలను జీవితమంతా చెదలు పట్టకుండా కాపాడినవాణ్ణి నేను. ఆ రోజు వాటి మీద అసహ్యం కలిగింది.

ఆ తరువాత దారి మూసుకుపోయింది. పెంచిన రైతు ఇంటిపేరుతో, యోహాన్నెస్ అనే పేరుతో ఆ లోయ నిండా మనుషులే. వారిలో మనవాడు ఎవరో చెప్పగల ఆధారం ఎక్కడా లేదు.

చదివినదంతా ఆనాకు చెప్పాను. ఆమె అడిగింది: "అప్పటికి వాడికి మాటలు వచ్చాయా?"

"వచ్చి ఉండవు."

"అయితే యోస్ట్ అని పిలిస్తే పలకడు. ఇన్ని తరాలుగా మేము పిలిచిన పేరు వాడికే తెలియదు."

"ఆనా, టీ చల్లారిపోతుంది," అంది రూతు. ఆనా కప్పు అందుకుని, ఏ ప్రార్థనా లేకుండా తాగింది.

కొన్నాళ్లకు రూతు ఫోన్ చేసింది. "ఆ దినం నుంచి ప్రేయర్ చేస్తలేదు అంకుల్. సప్పుడు లేకుండ తింటది. ఎందుకు చెప్పిన్రు?"

ఆనా అడిగింది కనుక చెప్పాను. నిజం కనుక చెప్పాను. ఈ రెండు జవాబులూ నోటి దాకా వచ్చాయి. ఈస్టరు రాకముందే ఆనా కన్నుమూసింది.

అప్పటి నుంచి ఏ నమోదు కనిపించినా, పేర్లు చదవడానికి ముందు, ఆ పుట ఎవరు రాయించారో, అక్కడ ఎవరు లేరో చూస్తున్నాను. ఈ కేసు నేర్పినది అంతే. అది ఆనాకు ఏ విధంగానూ పనికిరాలేదు. కేసు మూసేటప్పుడు లాగ్‌లో ఫలితం రాయాలి. దొరికాడనీ రాయలేదు, దొరకలేదనీ రాయలేదు. యోస్ట్ ఇల్లు చేరలేదని రాశాను.