ఒంటిచెవి గుర్రం

ఫిల్మ్ నగర్‌లో ఒక కళా దర్శకుడి దగ్గర సహాయకుడిగా చేరిన కొత్తలో నా దగ్గరున్న విద్యలు రెండే. ఒకటి, కొలతలు తీసి బొమ్మ గీయడం. రెండోది, హైదరాబాదులో పుట్టిన పుణ్యాన హిందీ గడగడా మాట్లాడటం. మా సార్‌ది కోస్తా. పనిలో ఆయనకు తిరుగులేదు కానీ, హిందీ మాత్రం ఆయన నోట్లో పడి నలిగి చచ్చేది. అందుకే రాజస్థాన్ ఎడారిలో లొకేషన్లు చూడటానికి బయలుదేరినప్పుడు నన్ను వెంటబెట్టుకెళ్ళారు.

ఎప్పుడో మనుషులు వదిలేసి వెళ్ళిపోయిన ఊరొకటి దొరికింది. ఇసుకలో సగం కూరుకుపోయిన గోడలు, ఊరి చివర వరసగా నిలబెట్టిన పసుపురంగు రాళ్ళు. యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ గుర్తుగా పాతిన రాళ్ళవి. ఒక్కోదాని మీద గుర్రమెక్కిన మనిషి, పైన సూర్యుడు, చంద్రుడు. పక్క పల్లె నుంచి ఒక ముసలాయన రోజూ పొద్దున్నే వచ్చి వాటి మీద ఇసుక దులిపేవాడు. ఆయన్ని ఎవరూ ఆ పనికి పెట్టలేదు. ఒక రాయికి మాత్రం నూనె రాసి సిందూరం పెట్టేవాడు. అది వాళ్ళ వంశంలో పెద్దాయనదట. ఆ రాతిమీది గుర్రానికి ఒక చెవి విరిగిపోయి ఉంది.

సినిమా డైరెక్టర్‌కేమో ఆ రాళ్ళ మధ్యే గుర్రాలతో ఫైట్ తీయాలని. గోటితో గీకితే పొడి రాలే రాయి అది. ఒక్క గుర్రం తగిలినా నిలవదు. నేను సార్ వెంటపడ్డాను.

"ఫిల్మ్ నగర్ల సెట్ ఏద్దాం సార్. జర డైరెక్టర్‌కు చెప్పుండ్రి. ఈ రాళ్ళు పోతే మల్ల రావు."

"సరేలేవయ్యా, నీ గోల పడలేకపోతున్నాను. కొలతలు తీసుకో, సెట్టే వేద్దాం" అన్నారాయన. ఆ క్షణంలో ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గు లేకుండా పెట్టాను కూడా.

కొలత టేపు చూడగానే ముసలాయన అడ్డం నిలబడ్డాడు. అంతకుముందు ఎవరో ఇలాగే వచ్చి కొలిచి, వారం తిరక్కుండా రెండు రాళ్ళు ఎత్తుకుపోయారట. నేను ఇసుకలో ఆయన పక్కన కూర్చుని, మేం కాగితం మీద తప్ప ఇంకెలాగూ తీసుకుపోమని మాటిచ్చాను. గీసిన ప్రతి బొమ్మా ఆయనకు చూపించాను. మా పద్ధతి ప్రకారం ప్రతి రాయికీ నంబరు వేసి, ఎత్తెంత, మందమెంత, నేలలోకి ఎంత దిగి ఉంది, అన్నీ రాశాను. మూడో రోజుకు టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు.

ఫిల్మ్ నగర్‌లో సెట్ అచ్చుగుద్దినట్టు వచ్చింది. అచ్చులు పోసే మేస్త్రీ ఒక్క తప్పు చేశాడు. ముసలాయన రాతిమీది గుర్రానికి రెండు చెవులూ పెట్టేశాడు. అదేందని అడిగితే, "గట్లెట్ల ఇడుస్తమన్నా? చూస్తే పానం ఒప్పలే" అన్నాడు. మా పనివాళ్ళందరికీ ఉన్న రోగమే అది, విరిగింది కనబడితే చెయ్యి ఊరుకోదు. నవ్వి వదిలేశాను. షూటింగులో గుర్రాలు ఆ ప్లాస్టర్ రాళ్ళను పడదోస్తుంటే టీ తాగుతూ హాయిగా చూశాను.

తర్వాత హైటెక్ సిటీ లేచింది. జూబ్లీ హిల్స్‌లో రోజుకో కొత్త ఇల్లు లేచేది. సార్ సినిమా పనులు మాకు వదిలేసి, సాఫ్ట్‌వేర్ కంపెనీల యజమానుల ఇళ్ళు అలంకరించడంలో పడ్డారు. అలాంటి ఒక ఇంటి గృహప్రవేశానికి నన్నూ తీసుకెళ్ళారు. లాన్ మధ్యలో తెల్లటి గులకరాళ్ళు పోసి, వాటిలో ఒక పసుపు రాయి నిలబెట్టారు. గుర్రం, రౌతు, సూర్యుడు, చంద్రుడు. గుర్రానికి ఒకటే చెవి.

వేలి కణుపుతో తట్టి చూశాను. ప్లాస్టరైతే డొల్లగా పలుకుతుంది. ఇది పలకలేదు. జీను చెక్కిన గాట్లలో సిందూరం ఇంకా ఎర్రగానే ఉంది.

సార్ భోజనం ప్లేటుతో పక్కకొచ్చారు.

"గిది గా ఊరి రాయి కాదా సార్?"

"ఏ ఊరు? మన సెట్‌లో మిగిలిందే."

"మన మేస్త్రీ రెండు చెవులు పెట్టిండు సార్."

ఆయన కాసేపు నమిలారు. "అక్కడే ఉంటే ఇసుకలో కలిసిపోయేదయ్యా. ఇక్కడ చూడు, ఎంత భద్రంగా ఉందో. కాపాడాలని ఏడ్చింది నువ్వే కదా?"

"పగలకుంట ఎట్ల తీసిండ్రు?"

"నీ కొలతలున్నాయిగా. నేలలో ఎంతుందో కూడా రాశావు. నీలాంటి పనివాడు దొరకడయ్యా."

అన్నేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఒళ్ళు మండిపోయింది. ఆ ప్లేటు ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. అన్నం ముట్టకుండా బయటికొచ్చేశాను. మళ్ళీ ఆయన గుమ్మం తొక్కలేదు. ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు పొద్దున శ్రీనగర్ కాలనీలో ఎస్టీడీ బూత్ నుంచి, అప్పట్లో రాసుకున్న నంబరు వెతికి, ఆ పల్లెలోని కిరాణా కొట్టుకు ఫోన్ చేశాను. కొట్టువాడు ముసలాయన్ని పిలుచుకొచ్చాడు. దొంగలు పడ్డారని, రాయి పోయిందని ఏడుస్తాడనుకున్నాను. నా గొంతు గుర్తుపట్టి సంబరపడిపోయాడు.

"మీ సార్ మనుషులు వచ్చారు బేటా. నువ్వు గీసిన కాగితం చూపించారు. రాయి అడుగున పొడైపోతోంది, హైదరాబాదులో బాగు చేయించి తెస్తామన్నారు. నీ గీత చూశాక ఇంకేం అడుగుతాను? నేనే దగ్గరుండి తవ్వించాను. దెబ్బ తగలకుండా నా దుప్పటి చుట్టి లారీ ఎక్కించాను. బాగవుతోందా?"

రిసీవర్ రెండో చెవికి మార్చుకున్నాను.

"పని నడుస్తోంది బాబా" అన్నాను.

"తొందరేం లేదు బేటా" అన్నాడు. "నీ దగ్గరే ఉందిగా."