నాన్నకు గిట్టని మాట

మా నాన్న ఇక లేడన్న వార్త తెచ్చింది దర్జీ మామ. హుస్సేనీ ఆలంలో గిన్నెలకు కళాయి పూసే నాన్న దుకాణానికి ఆనుకునే ఆయన కుట్టుమిషను. పొద్దున్నే సైకిలు మీద కార్వాన్‌లోని మా అత్తగారింటికి వచ్చాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను.

"మీ నాయిన పోయిండు బిడ్డా," అన్నాడు.

"ఏడికి పోయిండు మామా? బేగంబజారుకా?" అన్నాను. తగరం అయిపోయినప్పుడల్లా నాన్న అక్కడికే వెళ్తాడు మరి. మామ సైకిలు గంట మీద చెయ్యి పెట్టి నేల చూశాడు. నేను ఇంకో చేట బియ్యం కూడా చెరిగాను. ఆ తర్వాత గానీ ఆ మాట నాలోకి దిగలేదు. దిగిందని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. ముందురోజు సాయంత్రమే కదా, మా గుమ్మంలో నిలబడి చాయ్ తాగి, చక్కెర తక్కువైందని సణిగి వెళ్ళాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా నాన్న బందరు మనిషి. ఇది పరాయి రాజ్యంగా ఉన్న రోజుల్లో ఒక తిత్తి, ఒక పట్టకారు పట్టుకుని ఈ ఊరు వచ్చాడు. ఉర్దూ నేర్చాడు, జొన్నరొట్టె అలవాటు చేసుకున్నాడు, ఇక్కడి పిల్లనే పెళ్ళాడాడు. ఒక్క మాట మాత్రం ఆయనకు ఎన్నేళ్ళైనా మింగుడు పడలేదు. ఇక్కడ మనిషి గడప దాటితే చాలు, పోయిండు అంటాం. బందరులో ఆ మాట పాడె కట్టినప్పుడే అంటారట.

నేను రెండో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం బడి నుంచి పరుగెత్తుకొచ్చి, "నాయినా, సారు పోయిండు, బడి లేదు," అన్నాను. నాన్న తిత్తి వదిలేశాడు. మసి చేతులు కడుక్కుని, ఉతికిన అంగీ తొడుక్కుని సారు ఇంటికి బయలుదేరాడు. సారు అరుగు మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు.

"ఏంది ఉస్తాద్, గిట్లొచ్చినవ్?"

నాన్న అంగీ సర్దుకుని, "కళాయి వెయ్యాల్సిన గిన్నెలేమైనా ఉన్నాయేమోనని," అన్నాడు. సారు భార్య నిజంగానే రెండు ఇచ్చింది. వాటిని చంకన పెట్టుకుని వచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"వెళ్ళాడు అనమ్మా. వెళ్ళినవాడు తిరిగొస్తాడు. పోయినవాడు రాడు."

"మా దిక్కు గిట్లనే అంటరు నాయినా," అన్నాను. ఆ తర్వాతా అలాగే అంటూ వచ్చాను. మొన్నమొన్న రెండు రాష్ట్రాలూ ఒకటైనప్పుడు, "రాష్ట్రాలు కలిశాయి సరే, నీ నోరూ నా చెవీ ఎప్పుడు కలుస్తాయే?" అని నవ్వాడు.

పనిలో మాత్రం ఆయనకు ఏ భాషా అక్కర్లేదు. ఇసక పోసిన గిన్నెలో నిలబడి, గోడ పట్టుకుని నడుం తిప్పుతుంటే పిల్లలం అదేదో ఆట అనుకునేవాళ్ళం. కాలిన గిన్నెలో నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచేది. కరిగిన తగరాన్ని దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా తళతళలాడేది. గిన్నెను ఇల్లాలి చేతికిచ్చి, "మొహం కనబడిందా? అయితే పట్టుకెళ్ళు తల్లీ," అనేవాడు. కనబడలేదంటే మళ్ళీ నిప్పుల మీద పెట్టేవాడు. మా పేటలో ఎన్ని ఇళ్ళ పప్పుచారు చిలుమెక్కకుండా ఉందో, అదంతా ఆయన చేతి చలవే. అలాంటి మనిషి కొలిమి రాజేస్తూ పక్కకు ఒరిగాడట. బొగ్గులు అప్పటికింకా అంటుకోనే లేదట.

దహనమైన మర్నాడు, దుకాణం వెనకే ఉన్న మా ఇంట్లో అమ్మ చుట్టూ ఆడవాళ్ళున్నారు. నేను దుకాణం గడప మీద కూర్చున్నాను. ఏడుపు రావడం లేదు. ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలన్నదే భయం. ఎప్పుడో ఏడాదికోసారి కనబడే పూలమ్మే అవ్వ, నెత్తిన గంపతో, చంకన ఇత్తడి గంజుతో అప్పుడే వచ్చింది.

"బిడ్డా, ఉస్తాద్ లేడా?"

పోయిండు అనాలి. ఇక్కడి మాటా అదే, బందరు మాటా అదే. ఇన్నేళ్ళకు రెండూ ఒకటయ్యాయి.

"వెళ్ళాడు," అన్నాను.

అవ్వ నవ్వింది. "అచ్చం మీ నాయిన లెక్కనే మాట్లాడుతున్నవ్. మరి ఎప్పుడొస్తడు?"

నేను కొలిమి వైపు చూశాను. "సరే, వచ్చినంక చెయ్యమను," అంటూ గంజును అంటుకోని కొలిమి పక్కన పెట్టి అవ్వ సందు మలుపు తిరిగింది. వంగి అందులోకి చూశాను. కళాయి పోయి లోపల ఇత్తడి తేలింది. మొహం కనబడలేదు.