కావిడి మోసే భుజం

గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని మా నాన్నకు ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టె అమర్చి, దాని తీగలు గుండెలోకి పంపినప్పుడు, ఆ భుజం మీద బరువు వద్దన్నారు డాక్టర్లు. సరేనని ఆయన కావిడిని కుడి భుజానికి మార్చాడు. మా అరకు కొండల్లో ఆడవాళ్లం నెత్తిన మోస్తాం, మగవాళ్లు కావిడి మోస్తారు. కావిడి దించేసిన మగవాణ్ణి మా ఊళ్లో ముసలివాళ్లలో కలిపేస్తారు. నాన్నకు చావంటే లేని భయం అదంటే ఉండేది.

కొన్నేళ్లకు గుండె నీరసించిపోయింది. కాఫీ తోట దాకా నడిస్తేనే ఆయాసం. పాత పెట్టె తీసి పెద్దది పెట్టాలని, గుండెలోకి ఇంకో తీగ పంపాలని విశాఖపట్నం ఆసుపత్రిలో చెప్పారు. తీరా రంగు మందు ఎక్కించి చూస్తే, పాత తీగల చుట్టూ ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి ఉంది.

"బెలూన్‌తో తెరవడానికి చూస్తాం. కుదరకపోతే కుడివైపు నుంచి తీగ వేసి, పెట్టె కూడా అటే పెట్టాలి. అప్పుడిక ఆ భుజం మీద కూడా బరువు పెట్టకూడదు," అన్నాడు డాక్టరు.

"కుడి పక్క మాత్తరం ముట్టుకోవొద్దు బాబూ," అన్నాడు నాన్న. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి.

"మనిసే నేకపోతే కావిడెవుడు మోస్తాడు?" అని అరిచాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. అమ్మ లేదు, నాకు తోడబుట్టినవాళ్లూ లేరు. బయట బెంచీ మీద నేనొక్కదాన్నే. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. సన్న తీగ ఆ అడ్డం దాటడం లేదట. ఇంకోసారి ప్రయత్నించవచ్చు కానీ, నాళం చిరిగితే ప్రాణానికే ముప్పట. కుడివైపైతే ఆ భయం తక్కువట.

"ఆయన మత్తులో ఉన్నాడు. నువ్వే చెప్పాలమ్మా."

కుడివైపే వెయ్యండి అనబోయాను. గోడవైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చింది.

"ఇంకోసారి చూడండి," అన్నాను.

తలుపు మూసుకోగానే నాన్నను చేజేతులా చంపుకున్నాననే అనుకున్నాను. ఎవరు తలుపు తీసినా లేచి నిలబడ్డాను.

చివరికి తీగ దూరింది. నాళం తెరుచుకుంది.

వార్డులో కళ్లు తెరిచి నాన్న కుడి భుజం తడుముకున్నాడు. కట్టు లేదు.

"అదేటే, కుడి పక్కకి నువ్వొప్పుకోనేదా?"

"నువ్వే కదా వద్దన్నావు! పానం మీదకొస్తాదన్నా ఇంకోసారి సూడమన్నాను."

నాన్న చెయ్యి ఇంకా కుడి భుజం మీదే ఉంది.

"ఒప్పేసుకుంటావనుకున్నానే. ఒప్పుకున్నా నిన్నేటీ అనకపోదును."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదా అని వార్డంతా వినేలా తిట్టాను. తిడుతూనే ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.